మూడో కూతకు ఎవర్ని పంపాడు? కుర్ర కబడ్డీ కోచ్‌ని అంచనా కట్టడం

సంక్రాంతి టోర్నమెంట్లు మొదలయ్యాయంటే ఒంగోలు నుంచి గూడూరు దాకా బరి చుట్టూ కూర్చున్న ప్రతివాడూ సెలక్టరే. జట్టు గెలిస్తే "ఈ అబ్బాయి పెద్ద కోచ్ అవుతాడు చూడు" అంటారు. ఓడితే "వాడికేం తెలుసబ్బా, మొన్నటిదాకా వాడూ ఆడతా ఉన్నోడే కదా" అంటారు. పాతికేళ్ళ కుర్రాడు కోచ్‌గా కూర్చుంటే ఈ తీర్పు ఇంకా త్వరగా వచ్చేస్తుంది. రెండు మాటలకూ ఆధారం ఆఖరి స్కోరే.

స్కోరు కోచ్ ఒక్కడిది కాదు. రైడర్ (కూతకు వెళ్ళేవాడు) కాలు జారితే కోచ్ ఏం చేస్తాడు? కానీ ఆ రైడర్‌ని ఆ నిమిషంలో, అవతల అంతమంది ఉండగా పంపింది మాత్రం కోచే. చూడాల్సింది అదే. మ్యాచ్‌లో అది అన్నిటికంటే స్పష్టంగా కనబడేది మూడో కూతలో, అంటే డూ ఆర్ డైలో.

వరసగా రెండు కూతలు ఎంప్టీగా, అంటే ఎవరికీ పాయింటు రాకుండా పోతే మూడోదానికి పాయింటు తేవాలి, లేకపోతే రైడర్ అవుట్, అవతలివాళ్ళకు ఒక పాయింటు. ఇది అందరికీ తెలిసిన నిబంధనే. చాలామంది కుర్ర కోచ్‌లు దీన్ని మూడో కూత వచ్చాక గుర్తు చేసుకుంటారు. బెంచీ మీద నుంచి లేచి "డూ ఆర్ డై, డూ ఆర్ డై" అని అరుస్తారు. అప్పటికి చెయ్యగలిగింది పెద్దగా ఏమీ లేదు. లెక్క మొదటి ఎంప్టీ దగ్గరే మొదలుకావాలి.

ఒక సందర్భం తీసుకోండి. అవతల నలుగురున్నారు. మనవాళ్ళు రెండు కూతలు ఊరికే తిరిగొచ్చారు. ఈలోగా వాళ్ళ రైడర్‌ని మనం పట్టేశాం. జనం చప్పట్లు కొడతారు. కానీ ఇప్పుడు అవతల మిగిలింది ముగ్గురు, మనకు పడింది మూడో కూత. ముగ్గురు, అంతకంటే తక్కువమంది ఉన్నప్పుడు మన రైడర్‌ని పట్టేస్తే సూపర్ ట్యాకిల్, వాళ్ళకు రెండు పాయింట్లు. ముగ్గురే కాబట్టి బోనస్ (అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, ఒక కాలు గాల్లో ఉంచి రెండో కాలు బోనస్ గీత దాటిస్తే వచ్చే పాయింటు) కూడా లేదు. అంటే తెగించి ముట్టుకోవాల్సిందే, పట్టుబడితే రెట్టింపు నష్టం. ఇది దురదృష్టం కాదు, రెండు కూతల ముందు లెక్క వెయ్యకపోవడం. తెలివైన కోచ్ అవతల నలుగురున్నప్పుడు రెండో కూతలోనే చెయ్యి వెయ్యమంటాడు. అక్కడ పట్టుబడినా పోయేది ఒక పాయింటే.

మూడో కూతకు ఎవరు వెళ్ళాలన్నది కూడా ఎదురుగా ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారాలి. ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ తెచ్చినా గండం గట్టెక్కినట్టే. కాబట్టి కాలు పొడుగ్గా సాచి, రెండో కాలు గాల్లో నిలపగలిగే సన్నటి కుర్రాణ్ణి పంపాలి. ఐదుగురు, నలుగురు ఉంటే బోనస్ ఉండదు కనుక చెయ్యి, కాలు వేగంగా ఆడేవాడు కావాలి. ఒకే మెయిన్ రైడర్‌ని అన్ని మూడో కూతలకూ పంపే కోచ్‌ని చూస్తే, అతనికి జట్టులో ఇంకెవరి బలమూ తెలియదని అర్థం. లేదా తెలిసినా, ఓడితే మాట వస్తుందని భయపడుతున్నాడు. ఈ రెండోది వయసుతో పోతుంది. మొదటిది పోదు.

తర్వాత చూడాల్సింది అవుటైనవాళ్ళ వరస. ఎవరు ముందు బయటికెళ్తే వాళ్ళే ముందు లోపలికొస్తారు. మెయిన్ రైడర్ నాలుగోవాడిగా బయటికెళితే అతను రావడానికి నాలుగు పాయింట్లు కావాలి, అవీ ముట్టుకున్నవో పట్టుకున్నవో అయ్యుండాలి. బోనస్‌కు పాయింటు వస్తుంది గానీ మనిషి రాడు. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. మెయిన్ రైడర్ బెంచీ మీద ఉంటాడు, లోపల ముగ్గురున్నారు, కోచ్ "బోనస్ తీసుకో చాలు" అంటాడు. స్కోరు ఒకటొకటిగా కదులుతుంది, బరి మాత్రం ఖాళీ అవుతూనే ఉంటుంది. నాలుగు నిమిషాల తర్వాత ఆలౌట్, అంటే జట్టంతా బయటికి, అవతలివాళ్ళకు అదనంగా రెండు పాయింట్లు. చూసేవాళ్ళు చివర్లో పట్టుబడినవాణ్ణి తిడతారు. తప్పు నాలుగు నిమిషాల ముందుది.

ఆలౌట్‌ని ఎప్పుడు ఒప్పుకోవాలో తెలిసిన కుర్ర కోచ్ కనబడితే అతని పేరు గుర్తు పెట్టుకోండి. మొదటి సగంలో ఇంకా 10 నిమిషాలుండగా లోపల ఒక్కడే మిగిలాడు, బయట మంచి రైడర్లిద్దరూ కూర్చున్నారు. ఆ ఒక్కణ్ణి నిమిషాల తరబడి లాగిస్తే లాభం లేదు. రెండు పాయింట్లు పోతే పోయాయి, ఏడుగురూ ఒకేసారి లోపలికొస్తారు. అదే సగం ముగియడానికి నిమిషం ఉంటే మాత్రం ఆ ఒక్కడు ప్రతి కూతా 30 సెకన్లు నిండా వాడాలి. ఒకే పరిస్థితి, గడియారాన్ని బట్టి రెండు వేర్వేరు జవాబులు.

ఇక టైమౌట్. మామూలు నిబంధనల్లో సగానికి రెండు, ఒక్కొక్కటి 30 సెకన్లు. అంత తక్కువ సమయంలో ఎన్ని మాటలు పడతాయో లెక్కేసుకోండి. పనికిరాని టైమౌట్ ఇలా ఉంటుంది: "ఏం చేస్తా ఉండారయ్యా? చెప్పినా కదా! అందరూ గట్టిగా ఆడండి, భయపడబాకండి." ఆటగాళ్ళు నీళ్ళు తాగుతూ వింటారు, ఒక్క మాటా బుర్రకెక్కదు. పనికొచ్చేది ఇంకోలా ఉంటుంది. పాతికేళ్ళ కోచ్ తనకంటే పెద్దవాడైన కార్నర్ (బరి మూలన నిలబడే డిఫెండర్) దగ్గరికే నేరుగా వెళ్తాడు: "అన్నా, వాడు నీ మీదికే వస్తా ఉండాడు. నువ్వు ముందుకు పోబాక. కాలు లోపలికి పెట్టినాకే పట్టు." పక్కకు తిరిగి కవర్‌తో (మధ్యవైపు నిలబడే డిఫెండర్‌తో), "నువ్వు అన్న పట్టేదాకా కదలబాక." అంతే, అయిపోయింది. మిగిలిన సమయం ఊపిరి పీల్చుకోవడానికి. ఎవరికి చెప్పాలో, ఏం చెప్పాలో, ఎప్పుడు ఆపాలో అన్నీ అందులో ఉన్నాయి. పెద్దవాణ్ణి అన్నా అని పిలుస్తూనే పని చెప్పగలగడం మన ఊళ్ళ జట్లలో చిన్న సంగతి కాదు. ముప్పై దాటిన డిఫెండర్లు కుర్ర కోచ్ మాట వినకపోవడానికి సగం కారణం అతను అందరి ముందూ అరవడమే.

టైమౌట్ ఎప్పుడు తీసుకున్నాడో కూడా రాసుకోండి. లోపల ఒక్కడో ఇద్దరో మిగిలాక తీసుకుంటే దాదాపు వృథా. నలుగురున్నప్పుడు తీసుకుంటే ఉపయోగం ఉంది, ఎందుకంటే ఇంకొకడు పోతే సూపర్ ట్యాకిల్ ఆట మొదలవుతుంది. దానికి నిలబడే తీరే వేరు.

అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది చివరి మూడు నిమిషాల దగ్గర. మనం నాలుగు పాయింట్ల ముందున్నాం, మూడు నిమిషాలుంది, కూత మనది. "అయిపోయింది, గెలిచాం" అంటారు. వేసి చూడండి. 180 సెకన్లు, కూతకు 30 చొప్పున ఆరు కూతలు, మనకు మూడు, వాళ్ళకు మూడు. మనం రెండు ఎంప్టీ లాగిస్తాం, మూడోది డూ ఆర్ డై, పోతే వాళ్ళకు ఒకటి. మన డిఫెన్స్ వెనక్కి నిలబడి "బోనస్ తీసుకోనీ, ముట్టుకోనీయొద్దు" అనుకుంటే వాళ్ళకు మూడు బోనస్‌లు. మూడూ ఒకటీ నాలుగు, స్కోరు సమం. సేఫ్ ఆట ఆడామనుకుంటూనే ఆధిక్యం మొత్తం అప్పజెప్పినట్టు. ఈ లెక్క వేసుకున్న కోచ్ మొదటి రెండు కూతల్లో ఒకదానికి బోనస్ వీరుణ్ణి పంపుతాడు, ఒక్క పాయింటు దొరికితే ఎంప్టీల లెక్క మళ్ళీ సున్నాకి వస్తుంది. డిఫెన్స్‌లో బోనస్ గీతకు వచ్చే కాలుని పట్టే పని ఒక కార్నర్‌కి అప్పజెప్తాడు. మన వైపు ఐదుగురే ఉంటే బోనస్ భయమే లేదు కనుక అప్పుడు వెనక్కి నిలబడమనడం సరైన మాటే. ఏడుగురితో ఆడినట్టు ఐదుగురితో, ఐదుగురితో ఆడినట్టు ఏడుగురితో ఆడించేవాళ్ళే ఎక్కువ.

ఒక నోటుపుస్తకం చాలు. కూతకు ఒక వరస: కూత నంబరు, రెండు వైపులా ఎంతమంది, ఎవరు వెళ్ళారు, ఏమొచ్చింది, ఎంప్టీ ఎన్నోది. "14, 5-7, రెండో రైడర్, బోనస్" అని రాస్తే అర్థమైపోతుంది. 40 నిమిషాల మ్యాచ్‌లో ఒక్కో జట్టుకు సుమారు 40 కూతలు. రెండు పేజీలు. ఇంటికెళ్ళి ఆ పేజీల్లో డూ ఆర్ డై వరసలు మాత్రం గీత గీసి చూస్తే కోచ్ బుర్ర కనబడుతుంది. వీడియో ఉంటే మంచిదే గానీ, ఊరి మ్యాచ్‌ల వీడియోల్లో కెమెరా ఎప్పుడూ రైడర్ వెంటే ఉంటుంది, బెంచీ కనబడదు.

మన దగ్గర జరిగే టోర్నమెంట్లకు కొన్ని సర్దుబాట్లు అవసరం. ఎక్కువ జట్లు వస్తే కమిటీవాళ్ళు సగాన్ని 10 నిమిషాలకు కుదిస్తారు. అప్పుడు జట్టుకు 20 కూతలే, ఊరికే తిరిగొచ్చే ప్రతి కూతా రెట్టింపు ఖరీదు. డూ ఆర్ డై అమల్లో ఉందా లేదా అన్నది కూడా కొన్నిచోట్ల కమిటీ ఇష్టం, మ్యాచ్‌కి ముందే అడిగి తెలుసుకోని కోచ్‌కి అక్కడే మార్కులు కొయ్యొచ్చు. మట్టి బరి మీద రాత్రి పొద్దుపోయాక మంచుకు పైపొర మెత్తబడుతుంది. అప్పుడు యాంకిల్ హోల్డ్ (రైడర్ చీలమండ పట్టు) వేసేవాడు జారి ముందే దొరికిపోతాడు. అదే కుర్రాడు మ్యాట్ మీద అదే పట్టు వేస్తే రైడర్ కదల్లేడు. జిల్లా సెలక్షన్లకి మట్టి మీది పద్ధతిని అలాగే మోసుకెళ్ళే కోచ్‌లు మొదటి మ్యాచ్‌లోనే దొరికిపోతారు.

ఇంకోటి, ప్రకాశం వైపు జనవరి నుంచి పొగాకు కొట్టుడు, బ్యారన్ల (ఆకు ఆరబెట్టే కొట్టాల) దగ్గర రాత్రి కాపలా. ఆ నిద్రలేని కుర్రాడే సాయంత్రం మెయిన్ రైడర్. రెండో సగంలో అతని కాళ్ళు లేవవు. ఇది తెలిసి మూడో రైడర్‌ని ముందునుంచీ వాడుతూ వచ్చిన కోచ్‌కి, తెలియక చివర్లో కొత్తవాణ్ణి తోసిన కోచ్‌కి ఒకే స్కోరు రావచ్చు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టకూడదు.

బయటి జిల్లాల నుంచి డబ్బిచ్చి ఇద్దరు రైడర్లను తెచ్చి గెలిచిన కప్పులను నేనైతే లెక్కలోకే తీసుకోను. అక్కడ కోచ్ చేసిందేమీ కనబడదు.

భవిష్యత్తు సంగతికొస్తే, పెద్ద స్థాయి ఉదాహరణ ఒకటి. మన్‌ప్రీత్ సింగ్ ప్రో కబడ్డీలో గుజరాత్ కోచ్‌గా 2017లో ఫైనల్ చేరి పాట్నా చేతిలో 55-38తో ఓడాడు, ప్రదీప్ నర్వాల్ ఒక్కడే 19 పాయింట్లు కొట్టాడు. 2019 జనవరిలో మళ్ళీ ఫైనల్, బెంగళూరు చేతిలో 38-33, ఈసారి పవన్ సెహ్రావత్ 22. ఇద్దరు రైడర్లు రెండు ఫైనళ్ళు లాక్కెళ్ళారు. "లీగ్ దశ వరకే వీడు" అని తీర్పు చెప్పేయడానికి అంతకంటే ఏం కావాలి? తర్వాత హర్యానా కోచ్‌గా 2024 మార్చిలో పుణె చేతిలో ఇంకో ఫైనల్ ఓడి, అదే ఏడాది డిసెంబర్లో పాట్నాని 32-23తో ఓడించి కప్పు కొట్టాడు. 55 ఇచ్చుకున్న కోచ్ ఏడేళ్ళకు ఫైనల్లో అదే పాట్నాని 23 దగ్గర ఆపాడు. తెలుగు టైటాన్స్ అభిమానులకు ఈ ఓపిక నేర్పక్కర్లేదనుకోండి.

కాబట్టి కుర్ర కోచ్‌లో ఎదుగుదల ఉందో లేదో తెలియాలంటే, ఒకే ప్రత్యర్థితో అతని రెండో మ్యాచ్ చూడండి. మొదటిసారి తెచ్చిన ఎత్తు ఎవరైనా తెస్తారు. ఎడమ కార్నర్ మీదికి పదేపదే రైడర్లను పంపి గెలిచాడనుకుందాం, రెండోసారి అవతలివాళ్ళు ఆ కార్నర్‌ని మార్చి, ఇన్‌తో (కార్నర్ పక్కన నిలబడేవాడితో) చేతులు కలిపి చైన్ కట్టారు. ఆరేడు కూతల్లోపు కుడివైపుకు మారాడా, లేక మొదటి సగమంతా అదే గోడకు తల కొట్టుకున్నాడా? పటియాలా ఎన్ఐఎస్ కోచింగ్ డిప్లొమా ఉన్నా, లేకపోయినా తేడా తెలిసేది ఇక్కడే. మోకాలికి కట్టు కట్టుకున్న రైడర్‌ని ప్రైజ్ మనీ కోసం ఫైనల్లో దింపాడా అన్నది కూడా చూడండి. అలాంటివాడికి ఎన్ని ఎత్తులు తెలిసినా జిల్లా జూనియర్ల జట్టు అప్పగించకూడదు.

మ్యాచ్ అయ్యాక జనం తగ్గినప్పుడు దగ్గరికెళ్ళి ఒక్క కూత గురించి అడగండి: "తమ్ముడూ, రెండో సగంలో అవతల నలుగురున్నప్పుడు రెండో కూతకి ఆ చిన్నోణ్ణి ఎందుకు పంపావు?" "వాడే పోతానన్నాడన్నా" అంటే ఇంకా నేర్చుకోవాల్సింది చాలా ఉంది. "వాళ్ళ కుడి కార్నర్‌కి భుజం నొప్పన్నా, పెట్టిన చెయ్యి లేవడం లేదు, మనోడిది కుడి కాలు" అంటే వచ్చే ఏడాది అతని జట్టు ఎక్కడ ఆడుతుందో కనుక్కుని వెళ్ళండి.