పెన్షన్ మీద నా అభిప్రాయం ఇవ్వడానికి గడ్చిరోలి వెళ్లొచ్చాను

నిన్న రాత్రి పదకొండింటికి మా ఊరు సిరోంచ (మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా) బస్టాండులో దిగాను. ఒళ్లు నొప్పులు తగ్గలేదు, కోపం అసలే తగ్గలేదు. మరిచిపోకముందే రాసి పెడుతున్నాను.

ఉద్యోగుల పెన్షన్ ఇకముందు ఎలా ఉండాలో ఉద్యోగులు, పెన్షనర్లు రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వవచ్చని జిల్లా కేంద్రం గడ్చిరోలిలోని ఒక కార్యాలయం నోటీసు పెట్టింది. దాని ఫొటో మా టీచర్ల గ్రూపులో వచ్చింది. అందరూ దండం బొమ్మలు పెట్టారు. కాగితం రాసింది మాత్రం మా స్కూల్లో నేనొక్కణ్ణే.

నేను జిల్లా పరిషత్ టీచర్ని. 2007లో నెలకు మూడు వేలకు శిక్షణ సేవక్‌గా, అంటే తాత్కాలిక టీచరుగా చేరి, మూడేళ్ల తర్వాత పర్మనెంట్ అయ్యాను. మహారాష్ట్రలో 2005 నవంబర్ 1 నుంచి చేరినవాళ్లకు పాత పెన్షన్ లేదు. జీతంలో పది శాతం కోసుకుంటారు, ప్రభుత్వం తన వాటా వేస్తుంది. ఆ వాటా 2019 నుంచి 14 శాతం. రిటైరయ్యాక జమలో 60 శాతం చేతికిస్తారు, 40 శాతంతో యాన్యుటీ, అంటే నెలనెలా కొంత ఇచ్చే బీమా పథకం, కొనాలి. ఈ పథకంలోనే ఉండిపోతే నెలనెలా వచ్చేది ఆ యాన్యుటీ మీదే.

మా ఊరు మూడు రాష్ట్రాల మూల. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం. అది తెలంగాణ, అక్కడ 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన టీచర్లకు సీపీఎస్, మాలాగే జీతంలో కోతతో నడిచే పెన్షన్. ఇంద్రావతి అవతల ఛత్తీస్‌గఢ్, అక్కడ 2022లో పాత పెన్షన్ తిరిగి ఇచ్చారు. ఒకే చుట్టరికం, ఒకే భాష, మూడు ఒడ్లలో ముగ్గురు టీచర్లుంటే ముగ్గురి ముసలితనం మూడు రకాలు. ఏ పెళ్లికి పోయినా మా మాటలు చివరికి ఇక్కడికే వస్తాయి.

కాగితం రాయడానికి రెండు రాత్రులు పట్టింది. మరాఠీలోనే రాశాను. మరాఠీ మీడియంలో చదివి, అదే మరాఠీలో పిల్లలకు పాఠాలు చెబుతున్నవాణ్ణి. నా రాతలో తప్పు పట్టగలిగేవాళ్లు మా తాలూకాలో లేరని ధైర్యంగా చెబుతాను. ఊరికే 'పాత పెన్షన్ కావాలి' అని రాయలేదు, లెక్క రాశాను. మా స్కూల్లో పనిచేసిన ఒక సార్ 2021లో రిటైరయ్యారు. ఆయన జమ 12 లక్షలు. చేతికి వచ్చింది ఇల్లు పూర్తి చేయడానికి, బిడ్డ పెళ్లికి అయిపోయింది. మిగిలిన 4 లక్షల 80 వేల మీద నెలకు 2,600 వస్తోంది. పదేళ్లయినా అది 2,600గానే ఉంటుంది. మా బాపు (నాన్న) కూడా టీచరే, పాత పెన్షన్ ఆయనది. చివరి బేసిక్‌లో సగం, దాని మీద కరువు భత్యం. భత్యం పెరిగినప్పుడల్లా పెన్షనూ పెరుగుతుంది. ధరలు పెరిగినా బాపు మందులు ఆగలేదు. ఆ సార్ మాత్రం బీపీ గోలీలు రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. ఈ మాట రాయడానికి ఆయన్ని అడిగే రాశాను.

కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి తెచ్చిన ఏకీకృత పెన్షన్ గురించీ రాశాను. 25 ఏళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం, సర్వీసు తగ్గితే ఆ లెక్కన తగ్గుతుంది. మా అడవి తాలూకాల్లో ముప్పై అయిదు దాటాక ఉద్యోగం దొరికినవాళ్లు ఎంతమందో! 58కి దిగిపోయేవాళ్లకు ఇరవై అయిదేళ్లు ఎట్లా నిండుతాయి? దీన్ని ఎర్ర ఇంకుతో గీత గీసి మరీ రాశాను.

తెల్లవారుజామున ఎస్టీ బస్సు, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ బస్సు ఎక్కాను. ఆలాపల్లి మీదుగా గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే, ఆ రోడ్డు సంగతి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

పన్నెండున్నరకు ఆవక్ కిటికీ (కాగితాలు తీసుకునే చోటు) దగ్గర నిలబడ్డాను. నా ముందు ఏడుగురు. నా వంతు రాగానే గుమస్తా కాగితం తీసుకుని పైన పేరు చూశాడు. ఇంటిపేరు మీద వేలు పెట్టి ఆగాడు. "ఆంధ్ర నుంచి వచ్చారా?" అని మరాఠీలో అడిగాడు. సిరోంచ అన్నాను. "సిరోంచ సరే, అసలు ఎక్కడివాళ్లు?" అన్నాడు. మా తాత పుట్టింది కూడా సిరోంచలోనే అన్నాను. అతను వెనక్కి తిరిగి పక్క టేబుల్ ఆయనతో, "వీళ్లకు రేషన్ అక్కడ, పెన్షన్ ఇక్కడ" అన్నాడు. ఆ టేబుల్ ఆయన నవ్వాడు. లైన్లో నా వెనకున్న ఇద్దరు కూడా నవ్వారు.

నా చెవులు వేడెక్కాయి. గడ్చిరోలి జిల్లా పుట్టిందే 1982లో. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచి మా బాపు ఈ గడ్డ మీద మరాఠీ బడిలో పాఠాలు చెప్పాడు. ఆయన దగ్గర అ ఆ ఇ ఈ దిద్దినవాళ్లు ఇప్పుడు పెద్ద ఆఫీసుల్లో ఉన్నారు. ఇవన్నీ గొంతు దాకా వచ్చాయి, నోరు పెగల్లేదు. నలభై దాటిన టీచర్ని, తరగతిలో అరవై మంది పిల్లల్ని ఒక్క మాటతో కూర్చోబెట్టేవాణ్ణి, అక్కడ నా కాగితం కోసం చెయ్యి చాచి నిలబడ్డాను.

తర్వాత అతను, సంఘం లెటర్‌హెడ్ మీద ఉంటేనే తీసుకుంటాం, ఒక్కొక్కరివి కుదరవు అన్నాడు. అది కాదంటే హెడ్మాస్టర్ ద్వారా, గట్ శిక్షణాధికారి (తాలూకా విద్యాధికారి) ద్వారా రావాలన్నాడు. కాగితం కిటికీలోంచి తోసేశాడు. అది కింద పడింది. వంగి తీసుకున్నాను. ఎర్ర గీత గీసిన పేజీ మీద చెప్పు గుర్తు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ గుమస్తా కాదు. మా సంఘం నాయకుడొకాయన అదే వరండాలో ఫోన్ చూసుకుంటూ ఉన్నాడు. నేనెవరో తెలుసు, చందా ఏటా తీసుకుంటాడు. 2023 మార్చి సమ్మెలో 'ఏకచ్ మిషన్, జునీ పెన్షన్' (ఒకటే లక్ష్యం, పాత పెన్షన్) అని పక్కపక్కనే నిలబడి అరిచాం. ఆయన తల ఎత్తి చూసి, మళ్లీ ఫోన్లోకి దించుకున్నాడు. ఈ ఏడు నుంచి ఆయనకు నా చందా లేదు.

రెండున్నర దాకా వేప చెట్టు కింద కూర్చున్నాను. బస్సు పోతుందని టెన్షన్. అప్పుడు గుర్తొచ్చింది, నోటీసు ప్రింటు నా సంచిలోనే ఉంది. తీసి చదివితే మూడో పంక్తిలో 'సంఘాలు లేదా వ్యక్తులు' అని స్పష్టంగా ఉంది. మళ్లీ కిటికీ దగ్గరికి వెళ్లాను. భోజనాల తర్వాత సీటు మారింది, ఒక మేడమ్ కూర్చున్నారు. ఆ పంక్తి మీద వేలు పెట్టి చూపించాను. ఆమె ఒక్క మాట అనలేదు. కాగితం మీద మట్టి దులిపి, పైన 'వ్యక్తిగత' అని రాయమన్నారు. నంబరు వేసి, నా కాపీ మీద పోచ్ (కాగితం అందినట్టు) ముద్ర కొట్టి ఇచ్చారు. రెండు నిమిషాల పని.

వెళ్లాలనుకునేవాళ్లు నోటీసు ప్రింటు తీసుకెళ్లండి, ఫోన్లో చూపిస్తే ఎవరూ చూడరు. ఆ వాక్యం కింద ఇంట్లోనే గీత గీసుకోండి. పోచ్ లేకుండా కిటికీ వదలొద్దు. ఏటేటా కోత స్లిప్పులు జతచేయండి. నావి మూడేళ్లవి జమతో కలవలేదు, అదీ రాశాను. సంఘం వాళ్లు అందరి తరఫున ఇచ్చేస్తాం అంటే నమ్మకండి, మీది మీరే ఇవ్వండి. వీలైతే మధ్యాహ్నం మూడు తర్వాత వెళ్లండి.

రాత్రి ఇంటికొచ్చేసరికి బాపు నిద్రపోకుండా మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఏం రాశావురా అన్నాడు. మొత్తం తెలుగులో చెప్పాను. కిటికీ దగ్గరి మాట మాత్రం చెప్పలేదు. కాగితం చేతిలోకి తీసుకుని ముద్ర చూశాడు, రెండో పేజీ తిప్పాడు, ఆ గుర్తు మీద బొటనవేలితో కాసేపు రుద్దాడు. ఇదేంటని అడగలేదు.

"పెన్షనర్లు కూడా ఇవ్వచ్చన్నావు గదా?" అన్నాడు.

అవును బాపూ అన్నాను.

పొద్దున లేచేసరికి అద్దాలు పెట్టుకుని రాస్తున్నాడు. చెయ్యి వణుకుతుంది కాబట్టి అక్షరాలు పెద్దవి, అయినా ఒక్క వంకర లేదు. నాలుగు పేజీలయ్యింది, ఇంకా ఉందట. గడువు శుక్రవారం. గురువారం మళ్లీ అదే బస్సు. ఈసారి తనూ వస్తానంటున్నాడు.