‘ది సోషల్ డైలెమా’ను మా అబ్బాయితో కలిసి మళ్లీ చూశాక

2020 సెప్టెంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైన ‘ది సోషల్ డైలెమా’ డాక్యుమెంటరీని అప్పట్లోనే ఒక్కదాన్నే కూర్చుని చూశాను. ఆన్‌లైన్ పాఠాల కోసం, అయిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి చేతికి మేమే ఫోను ఇచ్చిన రోజులవి. ఇప్పుడు వాడు పదో తరగతి. మొన్న సంక్రాంతి సెలవుల్లో వాడిని పక్కన కూర్చోబెట్టుకుని అదే చిత్రాన్ని మళ్లీ చూశాను. గంటన్నర చిత్రం పూర్తయ్యేసరికి మాకు రెండున్నర గంటలు పట్టింది, ఎందుకంటే వాడు మాటిమాటికీ ఆపించి ఏదో ఒకటి అడుగుతూనే ఉన్నాడు.

జెఫ్ ఓర్లోస్కీ దర్శకత్వం వహించిన ఈ చిత్రానికి బలమంతా అందులో మాట్లాడిన మనుషుల వల్ల వచ్చింది. గూగుల్‌లో పనిచేసి బయటికి వచ్చిన ట్రిస్టన్ హారిస్, ఫేస్‌బుక్ లైక్ బటన్‌ను రూపొందించిన వారిలో ఒకరైన జస్టిన్ రోజెన్‌స్టీన్, తెరను ఎంత జరిపినా కొత్త విషయాలు వస్తూనే ఉండే ఏర్పాటును 2006లో తయారుచేసిన ఆజా రాస్కిన్ వంటివారు, తమ చేతులతో కట్టినదాని గురించి తామే బాధపడుతూ చెబుతారు. మనం డబ్బు చెల్లించని ఈ సేవల్లో ప్రకటనదారులకు అమ్ముడయ్యేది మన ధ్యాసేనని, కాబట్టి ఆ ధ్యాసను వీలైనంత ఎక్కువసేపు పట్టి ఉంచడమే ఆ యంత్రాలకు అప్పగించిన పని అని వారి వాదన.

తెరను కిందికి లాగి వదిలితే ఏమి వస్తుందో ముందుగా తెలియకపోవడమే మనల్ని మళ్లీ మళ్లీ లాగేలా చేస్తుందని హారిస్ వివరించినప్పుడు, మా వాడికి నేను బీచ్‌లో మత్స్యకారులు ఒడ్డుకు లాగే పెద్ద వలను గుర్తుచేశాను. చిన్నప్పుడు వాడు ఆ తాడు పట్టుకుని వాళ్లతోపాటు లాగేవాడు. ఈసారి ఏం పడిందోనన్న ఆత్రంతో ఇంటికి రానని మారాం చేసేవాడు. అయితే ఆ వలకు ఒక చివర ఉంది. వల మొత్తం ఒడ్డు చేరాక చేపలను ఏరుకుని అందరూ వెళ్లిపోతారు. రాస్కిన్ తయారుచేసిన ఏర్పాటు తీసివేసినది సరిగ్గా ఆ చివరనే.

చిత్రంలో కల్పిత కుటుంబం ఒకటి ఉంటుంది. భోజనాల వేళ తల్లి అందరి ఫోన్లనూ ఒక డబ్బాలో పెట్టి తాళం వేస్తే, చిన్నకూతురు ఆ డబ్బాను పగలగొట్టి తన ఫోను తీసుకుంటుంది. ఒక వారం ఫోను ముట్టనని పందెం కాసిన కొడుకు కూడా నిలవలేకపోతాడు. అతనిని తిరిగి రప్పించడానికి, ఎవరికి ఏమి చూపాలో నిర్ణయించే కంప్యూటర్ సూత్రాలు, అంటే అల్గారిథమ్‌లు, ముగ్గురు మనుషుల రూపంలో కూర్చుని, ఒకప్పటి స్నేహితురాలి కబురును ఎరగా వేస్తాయి. ఆ దృశ్యం దగ్గర మా అబ్బాయి, “వాళ్లు ముగ్గురూ అలా కాచుకుని కూర్చుంటే వాడేం చేస్తాడమ్మా?” అన్నాడు. నాకు వెంటనే జవాబు రాలేదు. ఇన్నేళ్లుగా నేను వాడిని బుద్ధి లేదని, నిగ్రహం లేదని, ఒకసారి చుట్టాల ముందు కూడా తిట్టాను. ఆ తిట్లన్నీ పిల్లవాడి స్వభావం మీద పెట్టినవే. అవతలి వైపు కూర్చున్నవారి గురించి ఒక్క మాటా అనలేదు.

చిత్రం చెప్పినదంతా నేను ఒప్పుకోను. అమెరికాలో 2010 దశకం తొలి ఏళ్ల నుంచి ఆడపిల్లల్లో పెరిగిన మానసిక వేదనను సోషల్ మీడియాతో ముడిపెట్టిన భాగంపై పరిశోధకుల మధ్యే భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. కానీ నన్ను ఎక్కువగా తొలిచింది వేరే సంగతి.

2020 మే 7 తెల్లవారుజామున మన విశాఖలోని వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై 12 మంది మరణించారు. ఆ రాత్రే, మళ్లీ లీకవుతోందని, ట్యాంకు పేలిపోతుందని ఫోన్లలో వార్త పాకింది. లాక్‌డౌన్ వల్ల బస్సులు లేవు, ఆటోలు లేవు. జనం పిల్లలను ఎత్తుకుని చీకట్లో నడిచారు. అక్కడికి దగ్గర్లోనే వేపగుంటలో ఉండే మా పెద్దమ్మకు మోకాళ్ల నొప్పులు. ఆవిడకు ఆ వార్త పంపినది నేనే. నాకు ఏ అల్గారిథమ్ చెప్పలేదు. వాట్సాప్ సందేశాలను ఆ సంస్థ కూడా చదవలేదు, కాబట్టి ఎవరికి ఏది చూపించాలో లోపల కూర్చుని ఎంచినవారు లేరు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాల వదంతులతో 2018లో దేశంలో అమాయకులను కొట్టి చంపాక, ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఆ సంస్థ మన దేశంలో కట్టడి పెట్టింది. అనేక చేతులు మారిన సందేశం ఒకసారికి ఒక్క చాట్‌కే వెళ్లేలా 2020 ఏప్రిల్‌లో, అంటే మా ఆ రాత్రికి నెల ముందే, మరింత బిగించింది. నేను ఫార్వర్డ్ చేయనే లేదు. కంగారులో నా సొంత మాటల్లో టైపు చేసి నాలుగు గ్రూపులకూ పెద్దమ్మకూ పంపాను. రెండో లీకు ఏదీ జరగలేదని తరువాత తెలిసింది.

పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల కదలికలను గమనిస్తూ వారికి గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని మన దేశం 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో నిషేధిస్తూ ఒక నిబంధన ఉంది. అటువంటి చట్టం ఇంకా గట్టిగా ఉండాలని నా కోరిక, ఎందుకంటే అంతమంది ఇంజనీర్లకు ఎదురుగా ఒక పిల్లవాడిని ఒంటరిగా నిలబెట్టి నిగ్రహం నేర్చుకోమనడం అన్యాయం. అయితే ఆ రాత్రి నేను చేసిన పనిని ఏ చట్టం మీదకూ నెట్టలేను.

చిత్రం అయ్యాక ఇద్దరం కూర్చుని మా ఫోన్లలో నోటిఫికేషన్లు ఒక్కొక్కటే ఆపాం. ఆ పనిలో ఉండగానే వాడు, “ఆ రాత్రి మెసేజ్ నీకెవరు పంపారమ్మా?” అని అడిగాడు. ఎంత వెతికినా అది దొరకలేదు. పెద్దమ్మకు నేను పంపినది మాత్రం దొరికింది. “మళ్లీ లీకవుతోందట, వెంటనే బయటికి వచ్చేయండి” అన్న నా వాక్యం, దాని కింద ఆవిడ ఇచ్చిన ఒకే ఒక్క మాట జవాబు: “బయల్దేరాం.”