అలిసిపోయిన గుర్రం

ఆదివారం. సోమవారం స్కూల్లో చూపించాలని మా అమ్మాయి పొద్దున్నే గుర్రం బొమ్మ వెయ్యడానికి కూర్చుంది. చూసి వెయ్యడానికి ఫోన్లో ఏదైనా బొమ్మ తీసిపెట్టమంది. రేసు గుర్రాల పాత ఆయిల్ పెయింటింగులు వెతుక్కుంటూ పోయి, జార్జ్ స్టబ్స్ అనే ఇంగ్లీషు చిత్రకారుడి దగ్గర ఆగిపోయాను. ఇడ్లీ చల్లారిపోయింది.

ఆయన బొమ్మల్లో అందరికీ తెలిసింది విజిల్‌జాకెట్. 1762 ప్రాంతంలో వేసింది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. తొమ్మిదడుగులకు పైనే ఎత్తు. వెనక చెట్టూ పుట్టా ఏమీ లేదు, ముందుకాళ్ళెత్తిన గుర్రం ఒక్కటే. మా అమ్మాయి దాన్నే ఎంచుకుంది. నా కళ్ళు మాత్రం ఆయనే వేసిన హ్యాంబుల్టోనియన్ అనే ఇంకో గుర్రం మీదే ఉండిపోయాయి.

ఈ గుర్రం ఓటమెరగని రేసు గుర్రం ఎక్లిప్స్‌కి మనవడు. 1795లో సెయింట్ లెజర్ అనే పెద్ద పందెం గెలిచింది. 1799 మార్చిలో న్యూమార్కెట్‌లో డైమండ్ అనే గుర్రంతో దీనికి పందెం పడింది. పందెం సొమ్ము 3,000 గినీలు (అప్పటి ఇంగ్లండు బంగారు నాణేలు), నాలుగు మైళ్ళకు పైగా పరుగు. కొరడా దెబ్బలూ రౌతు బూటు ముళ్ళ పోట్లూ తిని, సగం మెడ తేడాతో గెలిచింది. యజమానేమో బొమ్మ వెయ్యమన్నాడు. గెలుపు గీత దాటుతున్నట్టు వేస్తే ఎవరు కాదంటారు? డెబ్భై అయిదేళ్ళ స్టబ్స్ పందెం అయిపోయాక ఒళ్ళు తుడిపించుకుంటున్న గుర్రాన్ని వేశాడు. దాదాపు పన్నెండడుగుల వెడల్పు బొమ్మ. ఒక పక్క కళ్ళెం పట్టుకున్న మనిషి, ఇంకో పక్క గుడ్డతో ఒక కుర్రాడు, వాడి చెయ్యి గుర్రం వీపు మీద. ఇద్దరూ మనకేసే చూస్తుంటారు, ఒక్కడూ నవ్వడు.

మధ్యాహ్నం పెద్ద మావయ్య భోజనానికొచ్చాడు. వయసులో ఉన్నప్పుడు విజయనగరం స్టేషన్ నుంచి కోట దాకా జట్కా తోలిన మనిషి. మోకాళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదు. ఫోన్ చేతికిచ్చాను. గెలిచిన గుర్రమని ముందే చెప్పలేదు.

"ఏటిరా, దీన్ని సంపేసినట్టున్నారు!" అన్నాడు. బొమ్మ పెద్దది చెయ్యమని చెవులు చూశాడు, మెడ చూశాడు, కాళ్ళు చూశాడు. "ఈ గుంటడికి పని తెలుసు. ముందు సెమట తుడవాలి, తర్వాత మాలీషు. ఒళ్ళు సల్లబడ్డాకే ఉలవలు."

పందెం సంగతి అప్పుడు చెప్పాను. ఆయనకు అదేమీ పట్టలేదు. "బొమ్మేసినోడు గుర్రాల దగ్గర పనిచేశాడేటి?" అనడిగాడు. పని చెయ్యలేదు, కోశాడని చెప్పాను. హార్క్‌స్టో అనే ఊళ్ళో నెలల తరబడి చచ్చిన గుర్రాలను వేలాడదీసి, తోలు నుంచి ఎముక దాకా పొర పొరా విప్పి, బొమ్మలు గీసుకుని, 1766లో పుస్తకం వేశాడు. మావయ్య కంచం పక్కకు నెట్టి, తినేటప్పుడు ఆ కబుర్లేటన్నాడు. అంతలోనే, "మరి అందుకే కాళ్ళలా కుదిరాయి" అనీ అన్నాడు.

"డబ్బులిచ్చారా ఆయనకి?"

ఇవ్వలేదట. యజమాని ఎగ్గొడితే స్టబ్స్ కోర్టుకెళ్ళి గెలుచుకున్నాడు. మావయ్య ఎంత సంబరపడ్డాడో! స్టేషన్ దగ్గర బేరమాడి ఎక్కి, కోట దగ్గర దిగాక అర్ధణా తగ్గించి ఇచ్చిన పెద్దమనుషుల్ని ఒక్కొక్కళ్ళనీ తలుచుకున్నాడు. ఇళ్ళ పేర్లతో సహా. అవి ఇక్కడ రాయకూడదు.

విజిల్‌జాకెట్‌కి మా అమ్మాయి రెక్కలు పెట్టింది. ఎందుకంటే వెనకంతా ఖాళీగా ఉందంది.

సాయంత్రం గంటస్తంభం దగ్గర ఫ్రేముల షాపుకెళ్ళి హ్యాంబుల్టోనియన్ ప్రింటుకి రేటు అడిగొచ్చాను. మా ఆవిడకు ఇష్టం లేదు. లక్ష్మీదేవి పటం ఉన్న హాల్లో డస్సిపోయిన గుర్రాన్ని ఎవరైనా పెడతారా అంటుంది. పడగ్గదిలో బీరువా పక్కన పెడతానన్నాను. అక్కడ ఇస్త్రీ బట్టల స్టాండు ఉందట. ఇంకా తేలలేదు.