మీరు తెరిచిన పుస్తకం పేరే రాయండి

డిసర్టేషన్ సబ్మిషన్ దగ్గర పడితే చాలు, చెన్నైలో చదువుకునే మన పిల్లల నుంచి నాకు ఒకటే రకం మెసేజ్‌లు, "అక్కా రెఫరెన్స్ రాసేటప్పుడు కామా ఎక్కడ పెట్టాలి, ఇయర్ బ్రాకెట్‌లోనా బయటా" అని. కామాల సంగతి జొటెరో చూసుకుంటుందమ్మా, ఫ్రీ సాఫ్ట్‌వేరే, పుస్తకం వివరాలు ఒకసారి ఎక్కిస్తే రెఫరెన్స్ రాసే పద్ధతుల్లో ఏపీఏ కావాలంటే ఏపీఏ, ఎమ్ఎల్ఏ కావాలంటే ఎమ్ఎల్ఏ, ఏదంటే అది తయారుచేసి ఇస్తుంది. ఆ ఎక్కించే వివరాలు నిజమా కాదా అన్నది మాత్రం మీరే చూసుకోవాలి, నా బెంగంతా అక్కడే.

మొన్న ఒక చెల్లి తెలుగు నిఘంటువుల మీద రాసిన చాప్టర్ పంపింది. బ్రౌన్ దొర డిక్షనరీ నుంచి ఒక మాటకి అర్థం తీసుకుని పక్కన "బ్రౌన్, 1852" అని పెట్టింది. ఎక్కడ చూశావు అంటే షికాగో యూనివర్సిటీ వాళ్ళ సైట్‌లో అంది. ఆ సైట్‌లో ఉన్నది 1852 నాటిది కాదు, 1903లో ఇదే మద్రాసులో అచ్చయిన రెండో కూర్పు, దాన్ని వెంకటరత్నం, క్యాంప్‌బెల్, మన వీరేశలింగం పంతులుగారు కలిసి సవరించారు. మరి తను ఎత్తిరాసిన అర్థం బ్రౌన్ రాసిందా, తర్వాతి వాళ్ళు చేర్చిందా? నిఘంటువుల మీద పేపరంటే అసలు తేల్చాల్సిందే ఆ 50 ఏళ్ళలో ఏం మారిందని కదా! చూసింది 1903 కూర్పు అయితే 1903 అనే రాయాలి, 1852 అని రాయాలంటే ఆ కూర్పు తెరిచి చూడాలి.

ఒకరి పేపర్లో ఇంకొకరి మాట కనిపించినప్పుడూ ఇంతే. వీలైతే అసలుది వెతికి చదవండి, దొరక్కపోతే ఫలానావారి మాట, ఫలానా పేపర్లో చూశాను అని వాక్యంలోనే చెప్పేసి, ఏపీఏ అయితే చివరి లిస్టులో మీరు చదివినదే పెట్టండి. ఇక ఛాట్‌జీపీటీ ఇచ్చిన రెఫరెన్సులు, అసలు లేని పేపర్లకి కూడా పేరూ జర్నలూ పేజీ నంబర్లతో సహా ఇచ్చేస్తుంది, డీఓఐ, అంటే ఆన్‌లైన్‌లో పేపర్‌కి ఉండే గుర్తింపు నంబర్, కొట్టి టైటిల్ మ్యాచ్ అయిందో లేదో చూడకుండా ఒక్కటి కూడా వాడొద్దు.

మన పేర్లతో ఇంకో తలనొప్పి. గురజాడ ఇంటిపేరు, కానీ సాఫ్ట్‌వేర్ చాలాసార్లు చివరి మాటనే ఇంటిపేరు అనుకుని "అప్పారావు, జి." అని చేసేస్తుంది, ఇంకో పుస్తకానికి "గురజాడ, ఎ." అని వస్తుంది, ఒకే మనిషి లిస్టులో రెండు చోట్ల! అదే తమిళ రచయితలకి చాలామందికి ఇంటిపేరే ఉండదు, ముందున్న ఇనీషియల్ వాళ్ళ నాన్నగారిది, కాబట్టి సొంత పేరుతోనే ఎక్కించాలి. ఇది ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు, మనకే తెలియాలి.

ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీకి వెళ్తే, 1896 నుంచి ఉంది అది, పాత పుస్తకాలకి మంచి చోటు, నోట్స్ మొదలుపెట్టే ముందే టైటిల్ పేజీ, దాని వెనక పేజీ రెండూ ఉన్నదున్నట్టు రాసుకోండి, కూర్పూ సంవత్సరమూ అక్కడే ఉంటాయి. కోట్ చేసే ప్రతి లైన్ పక్కన పేజీ నంబర్ అప్పటికప్పుడే వేసుకోవాలి.

సిమిలారిటీ పర్సెంట్, అంటే మీ రాతలో ఎంత భాగం వేరేవాళ్ళ రాతతో కలుస్తోందన్న లెక్క, దాని గురించి కూడా అడుగుతున్నారు. యూజీసీ 2018 రూల్స్ ప్రకారం 10 శాతం దాకా పెనాల్టీ లేదు, సరిగ్గా సోర్స్ చెప్పి కోట్ చేసినవీ, రెఫరెన్స్ లిస్టూ ఆ లెక్కలోకే రావు. అందుకని నంబర్ తగ్గించడానికి మాటలు అటూ ఇటూ మార్చే పని పెట్టుకోకండి, మాట మీదైనా ఆలోచన వాళ్ళదైతే పేరు చెప్పాల్సిందే. మీ లిస్టులో డౌట్ ఉన్నవి పంపండి, ఎక్కడ చూశారో కూడా రాసి పంపండి.