గొంతు లేని ఆ పాట కోసం సియోల్ అంతా తిరిగా

2017లో కొరియన్ పాప్ గ్రూప్ బీటీఎస్ 'కమ్ బ్యాక్ హోమ్' రీమేక్ చేసింది కదా, అసలు ఆ పాట ఎవరిదా అని వెతికితే సియో తైజీ అండ్ బాయ్స్ గురించి తెలిసింది. సియో తైజీ, యాంగ్ హ్యున్‌సుక్, లీ జూనో, ముగ్గురే. 1992లో కొరియన్‌లో రాప్ పాడి దేశాన్ని ఊపేసి, 1996 జనవరిలో పేరు మోగిపోతుండగానే రిటైరైపోయారు. 1995 అక్టోబర్‌లో వచ్చిన నాలుగో ఆల్బమే వాళ్ల ఆఖరిది. చదువుకోసం సియోల్ వెళ్లాక దాని సీడీ ఎలాగైనా సంపాదించాలనుకున్నా.

ముందు కొరియన్ లిపి హంగుల్ చదవడం నేర్చుకున్నా. అక్షరాలు 24, హల్లూ అచ్చూ కలిపి ఒకే గడిలో రాస్తారు, గుణింతాలు వచ్చినవాళ్లకి అది పెద్ద పనేం కాదు. పాత రికార్డులకి హోహ్యోన్ అండర్‌గ్రౌండ్ మార్కెట్ పేరున్న చోటని అక్కడికే వెళ్లా, కానీ అక్కడ ఎక్కువగా ఎల్పీలే. ఇంకో షాపులో సీడీ ఉంది గానీ బుక్‌లెట్ లేదు, పాటల సాహిత్యం లేకుండా నాకెందుకని వదిలేశా. చివరికి అలాదిన్ సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపులో దొరికింది. పేరు కొడితే ఏ బ్రాంచ్‌లో ఉందో వాళ్ల సైట్‌లోనే చూపిస్తుంది, కొత్తగా వెతికేవాళ్లు అక్కడే మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ లేదు కాబట్టి అదీ విడిగా కొనాల్సి వచ్చింది.

ఇంత తిరగడం ఆ ఆల్బమ్‌లోని 'షిదే యుగామ్' అనే పాట కోసమే. మన దగ్గర సినిమాలకి సెన్సార్ ఉన్నట్టే అప్పట్లో కొరియాలో పాటలకీ ఉండేది, విడుదలకి ముందే సాహిత్యం ఒక కమిటీకి చూపించాలి. నిజాయితీ లేని పెద్దవాళ్లని నిలదీసే ఈ పాటలో కొన్ని లైన్లు మార్చమన్నారు. సియో తైజీ ఒక్క మాటా మార్చలేదు, మొత్తం గొంతే తీసేసి సంగీతం మాత్రం ఆల్బమ్‌లో పెట్టేశాడు!

ఇల్లు వదిలి పారిపోయిన పిల్లల మీద రాసిన 'కమ్ బ్యాక్ హోమ్' విన్నా, అది విని నిజంగానే ఇంటికి తిరిగొచ్చిన పిల్లలున్నారని అప్పటి పేపర్లు రాశాయి. 'పిల్‌సంగ్' అనే పాటలో గిటార్లు వింటే సియో తైజీ ఒకప్పుడు సినావే అనే మెటల్ బ్యాండ్‌లో బేస్ వాయించాడని ఇట్టే తెలిసిపోతుంది. కానీ 'షిదే యుగామ్' దగ్గర ఆగిపోయా. డ్రమ్స్ వస్తాయి, గిటార్ వస్తుంది, ఇప్పుడు పాట అందుకుంటాడు, ఇప్పుడు అందుకుంటాడు అని మన చెవి ఎదురుచూస్తూనే ఉంటుంది, ఎవరూ పాడరు. కోపాన్ని ఇంత గట్టిగా వినిపించిన పాట నాకు ఇంకోటి తెలీదు.

అభిమానులు ఊరుకోలేదు, గొడవ చేశారు. అంతకుముందు నుంచే జంగ్ తేచున్ లాంటి గాయకులు ఆ సెన్సార్ మీద పోరాడుతున్నారు. 1996 జూన్‌లో అది రద్దయింది, గొంతుతో ఉన్న పాట విడిగా విడుదలైంది, కానీ అప్పటికి గ్రూపే లేదు. 2024లో ఎస్పా అనే కొరియన్ గర్ల్ గ్రూప్ ఇదే పాటని రీమేక్ చేసింది, ఇప్పటి పిల్లలకి అలా తెలిసింది, సంతోషమే. మీరు మాత్రం ముందు ఆల్బమ్‌లో ఉన్నట్టుగానే వినండి, ఆ తర్వాతే గొంతున్నది పెట్టుకోండి.