మామ స్లైడ్

తార్నాకలో మా ల్యాబ్ వెనక ఒక చీకటి గది ఉంది. కణంలోని జన్యువుల్ని రంగు చుక్కలుగా చూపించే ఫిష్ టెస్ట్ స్లైడ్లు అక్కడే చూస్తాం. ఒక్కో కణంలో ఎర్ర చుక్కలెన్ని, ఆకుపచ్చ చుక్కలెన్ని అని లెక్కపెట్టడమే నా పని. ఎర్రవి కణాన్ని పెరగమని చెప్పే హెర్2 జన్యువు, ఆకుపచ్చవి అది ఉండే 17వ క్రోమోజోమ్. మామూలు కణంలో రెండూ రెండేసి ఉంటాయి. కనీసం 20 కణాలు లెక్కపెట్టి ఎర్రవాటిని ఆకుపచ్చవాటితో భాగిస్తాం. 2 గాని, అంతకు మించి గాని వస్తే హెర్2 పాజిటివ్, అంటే ఆ జన్యువు ఉండాల్సినదానికంటే ఎక్కువుందని.

మొన్న జనవరిలో మా మేనమామ స్లైడే వచ్చింది. ఆర్టీసీ కండక్టరుగా రిటైరయ్యాడు. కడుపులో క్యాన్సర్, అప్పటికే లివర్‌కి పాకింది. మొదట వేరేచోట ఎండోస్కోపీలో రెండే ముక్కలు తీసి, హెర్2 నెగెటివ్ అని రాసిచ్చారు. రిపోర్టు చూస్తే ఒళ్ళు మండింది. కడుపు క్యాన్సర్‌లో ఒకే గడ్డలో ఒక మూల ఈ జన్యువు కుప్పలుగా ఉండి, పక్కనే మామూలుగా ఉండొచ్చు. ఆరు నుంచి ఎనిమిది ముక్కలు తీయమనేది అందుకే. పట్టుబట్టి మళ్ళీ తీయించాం. హెర్2 ప్రొటీన్‌కి రంగు వేసి చూసే మొదటి పరీక్షలో, ఆరింటిలో రెండు ముక్కలకి 2+ వచ్చింది. 2+ అంటే అటూ కాదు ఇటూ కాదు. అలాంటివే మా చీకటి గదికి వస్తాయి.

స్లైడ్ సగం దాకా రెండూ రెండే. టెన్షన్. తర్వాత ఒక మూల కుంకుమ చల్లినట్టు ఎర్ర చుక్కలు! సొంతమనిషిది కదా, నా లెక్క చెప్పకుండా పక్క సీటామెతో విడిగా లెక్కపెట్టించాను. భాగిస్తే ఇద్దరిదీ 4 దాటింది.

"జన్యువుల తప్పుంటే పిల్లలకు గూడ వస్తదా?" అని అత్త భయం. ఇది గడ్డ కణాల్లో పుట్టిన మార్పు, పిల్లలకు అందేది కాదని చెప్పాను. పైగా ఇది తప్పు కూడా కాదు. కేరాస్ లాంటి జన్యువులో వచ్చే మ్యుటేషన్ శుభలేఖలో ముహూర్తం తప్పు పడటం లాంటిది. మామకి వచ్చింది యాంప్లిఫికేషన్: శుభలేఖ సరిగ్గానే ఉంది, వంద బదులు రెండు వేలు అచ్చేసి ఊరంతా పంచారు. ఇక పెరగమని కణానికి పిలుపులే పిలుపులు.

పాజిటివ్ అంటే స్వీట్లు పంచేంత వార్తేం కాదు. హెర్2ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ అనే మందు ఇవ్వొచ్చు, అంతే. ఇలాంటి పేషెంట్ల మీదే ఈ మందును పరీక్షించి 2010లో వచ్చిన టోగా ట్రయల్లో కీమో ఒక్కటే అయితే సగం మంది 11.1 నెలలు దాటి బతికారు, ఈ మందు కలిపితే 13.8 నెలలు. మామకి ఈ అంకెలు దాచకుండా చెప్పాను. ఆయన అడిగింది వేరే.

"ఎన్ని కణాలు లెక్కవెట్టినవ్ బిడ్డా?"

"ఇరవై మామా. మళ్ళ ఇంకో ఇరవై."

"మంచిగ చేసినవ్. ఒక్కటి తక్కువున్నా చెకింగ్‌ల దొరుకుతుంటివి" అని దుప్పటి కప్పుకున్నాడు.