గుర్రాల సంగతి అడగలేదు

ఈ మధ్య రాత్రిళ్లు ప్రాచీన చైనా తత్వవేత్త కన్ఫ్యూషియస్ సంభాషణలు చదువుతున్నాను. ఒకచోట ఆగిపోయాను. గుర్రపుశాల తగలబడింది. కొలువు నుంచి ఇంటికొచ్చిన ఆయన అడిగింది ఒక్కటే: "ఎవరికైనా దెబ్బ తగిలిందా?" గుర్రాల గురించి అడగలేదని శిష్యులు ప్రత్యేకంగా రాసిపెట్టారు. ఆ రోజుల్లో గుర్రమంటే ఎంత ఖరీదు! శాలలో పనిచేసేవాళ్లేమో మామూలు మనుషులు. ఆయన బోధనల్లో ముఖ్యమైన 'రెన్' అనే కరుణ గురించి ఎన్ని వివరణలు చదివినా ఇంత సూటిగా తాకలేదు నన్ను.

ఆయన శిష్యుడు జెంగ్జి రోజూ తనను తాను మూడు విషయాల్లో పరీక్షించుకునేవాడట. ఇతరుల పనిలో మనసు పెట్టానా, స్నేహితుల దగ్గర మాట నిలుపుకున్నానా, నేర్చుకున్నది ఆచరించానా అని. మొదటిదే ఇతరుల పని, చూశారా! పెత్తనం చేసేవాళ్లలో ఈ ప్రశ్న వేసుకునేవాళ్లు ఎందరు?

తర్వాతి కాలంలో లియాంగ్ రాజ్యపు రాజు హుయ్, కన్ఫ్యూషియస్ బాటలో నడిచిన తత్వవేత్త మెన్షియస్‌ను చూడగానే "మా రాజ్యానికి ఏం లాభం తెచ్చారు?" అన్నాడు. లాభం మాటెందుకు, కరుణా ధర్మమూ చాలవా అని ఆయన జవాబు. రాజే లాభమంటే కింద అధికారులూ, ప్రజలూ అదే పట్టుకుంటారని, రాజ్యానికే ముప్పని కూడా చెప్పాడు. రాజ్యాలు ఒకదాన్నొకటి మింగేస్తున్న రోజుల్లో, రాజు ముఖం మీదే అన్న మాట అది. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపించింది.